కొనకముందే అమ్మేసిన షేర్లు

"ఏదీ ముట్టుకోకండి మామయ్యా, పాపని బడి నుంచి తీసుకొచ్చాక చూద్దాం" అని కోడలు గొడుగు తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. దర్జీ చిన్నమాస్టరు ఆమె కుర్చీ పక్కనున్న స్టూలు మీద, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని అలాగే ఉండిపోయాడు. ముట్టుకోవడం మాట దేవుడెరుగు, ఆ తెర వైపు గట్టిగా ఊపిరి వదలాలన్నా భయంగానే ఉంది ఆయనకి. తెర నిండా ఎర్ర గుర్తులు. పైనుంచి కిందికి, వరస తర్వాత వరస, తప్పు కుట్టు విప్పినప్పుడు బట్టకి అంటుకుని మిగిలిపోయే దారపు ముక్కల్లాగా. ఇంతకుముందే కోడలు పన్నులెక్కల సాఫ్ట్‌వేరు తెరిచి, ఆయన నెలల తరబడి ఒంటివేలితో నింపిన గళ్ళ షీటుని దాంట్లోకి ఎక్కించింది. అది ఏవేవో అడిగితే ఆమె చకచకా నొక్కుకుంటూ పోయింది. ఒక నీలం గీత ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది. పాకుతున్నంతసేపూ ఆయన, కొత్త కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుంటున్న మనిషి వెనకాల నిలబడ్డట్టు నిలబడ్డాడు, ఆ మనిషి భుజం ఎగరేస్తాడా, నవ్వుతాడా అని. గీత ఆగింది. ఎర్రబడింది.

"ఏమైందమ్మా?"

"కొనకముందే అమ్మేశారంటోంది మామయ్యా."

"ఏది?"

"అన్నీను. ఒక్క సూదుల కంపెనీ తప్ప." కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీరు సామాన్యులు కారు. చేతిలో లేని సరుకు ఊరందరికీ అమ్మి కూర్చున్నారు!"

ఆయనా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని నవ్వాడు. ఇప్పుడు గదిలో ఎవరూ లేరు, కిటికీ రేకు మీద వాన చప్పుడు ఉంది, ఆ నవ్వు ఇంకా బుగ్గల్లో ఎండిన జిగురులా పట్టేసి ఉంది. కొనకముందే అమ్మడం. ఈ మాట ఎక్కడో విన్నాడు. ఇలాగే కాదు, వేరే వేషంలో విన్నాడు. ఎక్కడ విన్నాడో తెలుసు. తెలుసు కాబట్టే అటు పోకూడదనుకున్నాడు. చూపు తీసుకెళ్ళి సూదుల కంపెనీ వరస మీద పెట్టాడు. అది తెల్లగా ఉంది. మధ్యలో ఎక్కడో, చుట్టూ ఎర్రటి వరసల నడుమ, మరకపడని జేబురుమాలులా ఉంది. అదొక్కటి సరిగా ఉంది కదా. ఒక్కటి సరిగా రాసిన వాడికి బుద్ధి సరిగా ఉన్నట్టే కదా.

షేర్లంటే ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. దారం మిల్లు వాళ్ళకి కూలీల చొక్కాలు కుట్టిన కాలంలో మిల్లు గుమాస్తా ఒక కాగితం చేతిలో పెట్టి, మాస్టరూ, ఇది మిల్లులో మీ ముక్క, అన్నాడు. ముక్క అనేసరికి అర్థమైంది. తానులోంచి మీటరు కోసిచ్చినట్టన్నమాట. ఆ తర్వాత చేతికి తెలిసిన వాటిలోనే కొన్నాడు. వేలికి తగిలితే బాగుంది అనిపించిన గుండీల కంపెనీ, పళ్ళు ఊడని జిప్పుల కంపెనీ, లైనింగు బట్టల వాళ్ళు, ఇస్త్రీపెట్టెల వాళ్ళు, విరగని సూదుల వాళ్ళు. చేత్తో పట్టుకోని దాంట్లో దమ్మిడీ పెట్టలేదు. దుకాణం గది సొంతదారు అమ్మేస్తానంటే, ఆ గది పరాయివాడి చేతికి పోతే తన మిషను ఎక్కడ వేసుకోవాలని, ఏడాది పొడుగునా ఒక్కో ముక్కా అమ్ముకుంటూ వచ్చాడు. గది సొంతమైంది. అమ్మినవన్నీ పన్నువాళ్ళకి చెప్పాలంది కోడలు. గళ్ళ షీటు చూపించి, ఇక్కడ పేరు, ఇక్కడ తేదీలు, ఇక్కడ ధరలు, అంతే మామయ్యా, అంది. మూడో తరగతి దాటనివాడు అంకెలకైతే భయపడలేదు. టేపు మీద బతికినవాడు. షీటు చూసి, ఓహో ఇది గళ్ళ బట్ట, గడికి గడి కలవాలి, అతుకు దగ్గర గళ్ళు తప్పితే నాలుగు బజార్ల అవతలి నుంచి కూడా కనిపిస్తుంది, అనుకున్నాడు. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక కాజా కుట్టినంత జాగ్రత్తగా ఒక్కో గడీ నింపాడు. ఇప్పుడు చూస్తే గళ్ళన్నీ తప్పాయి. ఒక్కటి తప్ప అన్నీ.

"ఆ డబ్బా కేసి అలా గుడ్లప్పగించి చూస్తే అది కరుగుతుందా ఏమిటి?" లోపలి గదిలోంచి భార్య గొంతు. ఆరని బట్టలు తాళ్ళ మీద మార్చి మార్చి ఆరేస్తోంది, గాజుల చప్పుడు వినిపిస్తోంది. "ఏమండీ, మిమ్మల్నే. టీ తాగారా?"

తాగాడు. కప్పు పక్కనే ఉంది, అడుగున ఇంకా తడి ఉంది. ఇచ్చిందీ ఆవిడే. మరి ఎందుకు అడిగినట్టు? ఈమధ్య ఆవిడ ఇలాగే అడుగుతోంది. స్నానం చేశారా, తలుపు వేశారా, ఇవాళ ఏ వారమండీ. మొన్న ఏ వారమని అడిగినప్పుడు ఆవిడ చేతిలో వారాలు రాసున్న మందుల డబ్బానే ఉంది. తెలిసే అడుగుతోందా? అన్నయ్యని వదిన ఇలాగే అడిగేది. నవ్వుతూ, వేరే పని చేసుకుంటూ, వెనక్కి తిరక్కుండా. ఏ వారమండీ ఇవాళ. అన్నయ్య, నీకు తెలియదా, అని దబాయించి తప్పించుకునేవాడు. ఎంత తెలివిగా తప్పించుకునేవాడో. మొన్న తనేమన్నాడు? నీకు తెలియదా, అన్నాడు.

"తాగాను" అన్నాడు.

"ఏమిటీ?"

"తాగానే!"

"అంత అరవక్కర్లేదు, నాకు చెవుడు లేదు."

గాజులు మళ్ళీ మోగాయి. వాన కొంచెం పెరిగింది. అటు పోకూడదనుకున్న చోటికి మనసు చెప్పకుండానే పోయింది. అన్నయ్య పెద్దమాస్టరు, తను చిన్నమాస్టరు. అన్నయ్య పోయి ఇన్నేళ్ళయినా, జుట్టు తెల్లబడినా, తనని వీధిలో ఇప్పటికీ చిన్నమాస్టరనే అంటారు. ఆ రోజు దుకాణం ముందునుంచి పళ్ళ డాక్టరు పోతున్నాడు, తన దారిన తను, చేతిలో రొట్టెల సంచీతో. అన్నయ్య గడపలోకొచ్చి పిలిచాడు. డాక్టరుగారూ, కోటు రెడీ అండీ, తీసుకుపోరేం! డాక్టరు ఆగాడు. నా కోటా, అన్నాడు. మీదే, బూడిదరంగు, రెండు గుండీలది. అన్నయ్య లోపలికొచ్చి కొక్కేలన్నీ వెతికాడు. తనూ వెతికాడు, ఇస్త్రీ చేసేవాడూ వెతికాడు, బీరువాలు, బల్ల కింద, మూటలు. అన్నయ్య చెమటలు పట్టి, ఇప్పుడే ఇక్కడే గుండీలు కుట్టి పెట్టాను, ఎవడు తీశాడు, అని అందరి మీదా విరుచుకుపడ్డాడు. చివరికి పళ్ళ డాక్టరు మొహమాటపడుతూ, పెద్దమాస్టరూ, నేను బట్టే ఇవ్వలేదండీ మీకు, అన్నాడు. తర్వాత అందరూ పగలబడి నవ్వారు. బట్ట ఇవ్వకముందే కోటు! వీధంతా ఆ వారం అదే నవ్వు. అన్నయ్యా నవ్వాడు, అందరికంటే ఆలస్యంగా. ఆ ఆలస్యం తనొక్కడికే కనిపించింది. నవ్వే ముందు అన్నయ్య ఒకరి తర్వాత ఒకరి మొహాలు చూశాడు, ఏది చెయ్యాలో వాళ్ళ మొహాల్లోంచి చదువుకుంటున్నట్టు. ఇందాక కోడలు నవ్వినప్పుడు తనూ అంతే కదా. ఆమె మొహం చూశాకే కదా నవ్వింది. బట్ట ఇవ్వకముందే కోటు. కొనకముందే అమ్మకం. వేషమే వేరు.

ఉన్నట్టుండి తెర నల్లబడింది. ఆయన ఉలిక్కిపడి స్టూలుతో సహా వెనక్కి జరిగాడు. నేనేమీ ముట్టుకోలేదు, అన్నాడు పైకే, ఎవరికో సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు. ముట్టుకోలేదా? మోకాళ్ళ మధ్య చేతులున్నాయి. ఉన్నాయి, కానీ ఇందాకటి నుంచీ అక్కడే ఉన్నాయా? నల్లటి తెరలో ఎవరో ముసలాయన తన వంక చూస్తున్నాడు. కింది పెదవి కొంచెం జారి, దవడ పక్కకి పోయి, అచ్చం అన్నయ్య. అన్నయ్య చివరి రోజుల్లో కిటికీ దగ్గర కూర్చుని ఇలాగే చూసేవాడు. చిన్నమాస్టరు నోరు గట్టిగా మూసుకున్నాడు, తెరలో వాడూ మూసుకున్నాడు. అయితే ఇంకా తన చెప్పుచేతల్లోనే ఉన్నాడు. చూపుడువేలు చాపి, మంట ముట్టుకున్నట్టు, ఆ ఎలుకలాంటి దాన్ని ఒక్కసారి తాకాడు. వెలుగొచ్చింది. ఎర్ర గుర్తులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. సూదుల కంపెనీ కూడా తెల్లగానే ఉంది. హమ్మయ్య. దాన్ని చూసి, చిన్నప్పుడు జనంలో తప్పిపోయి అన్నయ్య చొక్కా కనిపెట్టినప్పుడు పడ్డంత ఊరట పడ్డాడు.

అయినా ఊరట ఎంతసేపు. తనకే తెలిసినవి, ఎవరికీ చెప్పనివి, ఒక్కొక్కటే పైకి తేలుతున్నాయి. సూది గుచ్చుకోకుండా తొడిగే అంగుస్తాను వేలికి ఉండగానే దాని కోసం వెతకడం, సరే, అది కుర్రతనంలోనూ చేశాడు. మందుల షాపు మలుపు దగ్గర సంచీ పట్టుకుని నిలబడి, ఎటు నుంచి వచ్చాను, ఎటు పోతున్నాను అని తెలియకపోవడం, అది కాసేపే, రెప్పపాటే, ఎండకి అయి ఉంటుంది. కానీ ఆ చేతులు? పోస్టాఫీసు పెద్దావిడ జాకెట్టు కోటుకి చేతులు కత్తిరించి, జోడించబోతే రెండూ ఎడమ చేతులే. రెండూ! పనిలో చేరిన కొత్తల్లో అన్నయ్య తొడపాశం పెట్టి నేర్పిన మొదటి సంగతి అది, బట్ట మడత పెట్టి కొయ్యి, అప్పుడొకటి కుడి, ఒకటి ఎడమ వాటంతట అవే వస్తాయి అని. మడత పెట్టకుండా ఎలా కోశాడు? తలుపు గడియ వేసి, ఆ రెండు ఎడమ చేతుల్నీ పేలికల మూట అడుగున దాచి, అదే రంగు బట్ట కోసం ఊళ్ళో దుకాణాలన్నీ తిరిగి, కొని తెచ్చి, మళ్ళీ కోసి కుట్టి ఇచ్చాడు. ఆవిడ తొడుక్కుని, చిన్నమాస్టరూ, మీ చేతికి తిరుగులేదండీ, అంది. ఆ మాటకి కళ్ళలో నీళ్ళు తిరిగితే సుద్దపొడి పడిందని చెప్పాడు.

కోడలికి తెలిస్తే? కొడుక్కి తెలిస్తే? చెడ్డవాళ్ళు కారు. అదే భయం. మంచివాళ్ళు కాబట్టి మెల్లగా చేస్తారు. గొంతు తగ్గించుకుంటారు. పక్కగదిలో మాట్లాడుకుంటారు. ఎందుకు నాన్నా ఇంకా ఈ శ్రమ, హాయిగా కూర్చోండి, అంటారు. ఒకరోజు బల్ల మీద కత్తెర ఉండదు.

లేదు, చూద్దాం. తనని తనే పరీక్షించుకుందాం, ఎవరూ లేరు కదా. తెర మీద మొదటి వరస దారం మిల్లు. అది రాసిన రోజు బల్ల మీద ఏముంది? నల్లకోటు లైనింగు, జారిపోతోందని గుండుసూదులు నోట్లో పెట్టుకునే అంకెలు కొట్టాడు. భేష్. గుండీల కంపెనీ? అవ్వాళ పాప వచ్చి, తాతా నాకు బొమ్మకి గౌను, అని ఒళ్ళో ఎక్కింది, ఒక సున్నా ఎక్కువ పడితే మళ్ళీ చెరిపాడు. జిప్పులు, ఉన్ని ప్యాంటు, బట్ట వాసన కూడా గుర్తుంది, గొర్రె తడిసిన వాసన. ఇస్త్రీపెట్టెల వాళ్ళది రాసిన రోజు కరెంటు పోయి, రాసిందంతా పోయిందని గాభరాపడితే కోడలు, ఎక్కడికీ పోదు మామయ్యా, దాని కడుపులో దాచుకుంటుంది, అంది. ఒక్కో వరసకీ ఒక్కో బట్ట. పైనుంచి కిందికి వేలు గాల్లో జరుపుతూ వచ్చాడు, అన్నీ తగుల్తున్నాయి, గుడ్డివాడు ఇంట్లో గోడలు తడుముకుంటూ నడిచినట్టు. సూదుల కంపెనీ? వేలు ఆగింది. ఏ బట్టా రాలేదు. ఏ వాసనా లేదు. ఉదయమా, మధ్యాహ్నమా, ఎండా, వానా, ఏమీ లేదు. పోనీలే, అనుకున్నాడు, సరిగా ఉన్నదానికి గుర్తుండటం ఎందుకు. తప్పొప్పులు తేలాల్సింది మిగతావాటికే. అని వేలు కిందికి జరిపేశాడు, కొంచెం తొందరగా.

అన్నయ్య దగ్గర్నుంచి కత్తెర తీసేసింది వదిన. ఏం చేస్తుంది పాపం, గుమ్మం కర్టెను కోశాడు, ఎవరికో చొక్కా కావాలని. ఆమె కట్టుకున్న చీర కొంగు కూడా ఒకరోజు కొలతపెట్టి సుద్దగీత గీశాడు. ఆ కత్తెర చిన్నాచితకా కత్తెర కాదు, మోచెయ్యంత ఉంటుంది, బొటనవేలు పెట్టే కన్నం అన్నయ్య వేలికి అరిగి అరిగి, ఇంకొకరి వేలు పెడితే వదులుగా ఆడుతుంది. ఇప్పుడది తన కుట్టుబల్ల మీద ఉంది, తన వేలికి కూడా కొంత అరిగింది. వదిన దాన్ని పాత పెట్టె అడుగున దాచి, అన్నయ్య అడిగినప్పుడల్లా, సానకి ఇచ్చామండీ, అనేది. సానకి ఇచ్చారా, మంచిపని చేశారు, మొద్దుబారింది, అనేవాడు అన్నయ్య సంతోషంగా. కాసేపటికి మళ్ళీ, నా కత్తెర ఏదీ? సానకి ఇచ్చామండీ. ఎప్పుడొస్తుంది? రేపు. రేపు రాలేదు, ఎల్లుండీ రాలేదు. ఒకసారి తను వెళ్ళేసరికి అన్నయ్య నేలమీద పాత వార్తాపత్రికలు పరుచుకుని, సుద్దతో గీత గీసి, ఆ గీత వెంబడి చేత్తో చింపుతున్నాడు. ఎంత తిన్నగా చింపుతున్నాడో! ఒక్క పోగు అటూ ఇటూ పోలేదు. భుజం, చంక, మెడ, కాగితపు కోటు ముక్కలన్నీ గది నిండా. తల పైకెత్తి తనని చూసి, గొంతు తగ్గించి, దగ్గరికి రమ్మని సైగ చేసి అన్నాడు, తమ్ముడూ, ఆ సానపట్టేవాడు చచ్చిపోయాడేమో కనుక్కోరా. వీళ్ళు నాకు చెప్పట్లేదు.

అన్నయ్యకి తెలుసు. ఏదో దాస్తున్నారని తెలుసు, దాస్తున్నదేమిటో మాత్రం తెలియలేదు. అన్నీ పోయాక కూడా ఆ ఒక్కటి తెలియడం మిగిలింది. దానికంటే పూర్తిగా పోవడమే నయం. తనకీ అలాగే మిగులుతుందా? టీ తాగారా, ఏ వారమండీ ఇవాళ, సానకి ఇచ్చామండీ.

ఆయన లేచాడు. కూర్చోలేకపోయాడు. గది అవతలి సగమే ఆయన ఇంటి దగ్గర పనిచేసుకునే చోటు. బల్ల, మిషను, కొక్కేనికి సగం కుట్టిన కోటు. కోటు దగ్గరికెళ్ళి భుజం మీద నుంచి సుద్దపొడి దులిపాడు. లోపలివైపు గుండుసూదితో గుచ్చిన చీటీ ఉంది, తన చేతిరాతే. పేరు, కింద రెండు తేదీలు. ముందుది శనివారంది. ఇవ్వాల్సిన రోజు. దాని తర్వాత, చిన్నగా, బట్ట తీసుకున్న రోజు.

ఆయన చెయ్యి కోటు మీదే ఆగిపోయింది.

చెవిలో అన్నయ్య గొంతు, ముసలి గొంతు కాదు, దుకాణం దద్దరిల్లే పాత గొంతు. ఒరేయ్, తీసుకున్న రోజు ముందు రాస్తావేంట్రా బుద్ధిహీనుడా? తీసుకున్న రోజు ఎవడిక్కావాలి? గుమ్మంలోకొచ్చినవాడు కోటు ఎప్పుడిస్తావని అడుగుతాడు గానీ బట్ట ఎప్పుడు తీసుకున్నావని అడుగుతాడా! ఇచ్చేది ముందు, తీసుకున్నది తర్వాత. అన్నం తినేటప్పుడు కూడా ఇదే తలుచుకో. తొడపాశం. కళ్ళలో నీళ్ళు. ఇచ్చేది ముందు, తీసుకున్నది తర్వాత. ఇంత జీవితంలో గుచ్చిన ప్రతి చీటీ మీదా అలాగే రాశాడు. షీటులో కూడా... చిన్నమాస్టరు ఒక్క అంగలో తెర దగ్గరికొచ్చాడు. కళ్ళద్దాలు పైకి తోసి, కిందికి దించి చూశాడు. దారం మిల్లు. ముందు గడిలో ఈ ఏడాది తేదీ, అంటే ఇచ్చేసిన రోజు, అమ్మిన రోజు. వెనక గడిలో పాత తేదీ, తీసుకున్న రోజు, కొన్న రోజు. గుండీలూ అంతే. జిప్పులూ అంతే. ఓరి నీ దుంపతెగ! సాఫ్ట్‌వేరు ముందున్నది కొన్న రోజనుకుంది. దర్జీ చీటీ చదవడం రాదు దానికి, అంతే కదా! నా బుర్రకేమీ కాలేదు. నా బుర్ర అన్నయ్య చెప్పిన మాట అరవై ఏళ్ళ తర్వాత కూడా తప్పకుండా పట్టుకుంది. ఆయనకి నవ్వొచ్చింది, ఈసారి ఎవరి మొహమూ చూడకుండా వచ్చింది, పొట్ట కదిలేలా.

"ఏమిటండీ ఒక్కరే నవ్వుతున్నారు?" భార్య తడి చొక్కా చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ మొహంలో కంగారు. ఆ కంగారు చూసి ఇంకా నవ్వొచ్చింది.

"ఏం లేదే. ఇవాళ బుధవారం" అన్నాడు.

"తెలుసు. అయితే?"

మెట్ల మీద అడుగుల చప్పుడు, పాప కేరింతలు. కోడలు గొడుగు విదిలించి లోపలికొచ్చింది. పాప తడి బూట్లతో నేరుగా నానమ్మ దగ్గరికి పరిగెత్తింది. చిన్నమాస్టరు రోజంతా మాట్లాడే మాటలన్నీ కలిపితే ఎన్నుంటాయో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడాడు. "అమ్మాయ్, తారుమారు చెయ్యి. ముందుది ఇచ్చిన రోజు, వెనకది తీసుకున్న రోజు. కోటు చీటీ లెక్క రాశాను."

కోడలు తడి జుట్టు వెనక్కి తోసుకుంటూ ఒక నిమిషం తెర వంక, ఒక నిమిషం ఆయన వంక చూసింది. తర్వాత నుదురు కొట్టుకుంది. "అయ్యో! షేర్లకి కూడా బట్టల చీటీ గుచ్చారా మామయ్యా! నాదే బుద్ధి తక్కువ. ఏ గడి ఏమిటని అది అడిగింది, నేను చూడకుండానే నొక్కేశాను." కూర్చుని, అంతకుముందు ఎక్కించింది తీసేసి, షీటు మళ్ళీ ఎక్కించింది. ఈసారి అది అడిగినప్పుడు ముందు గడి అమ్మిన రోజు, వెనక గడి కొన్న రోజు అని చూపించింది. "ఇక చూడండి, అన్నీ తెల్లగా వచ్చేస్తాయి."

నీలం గీత బయల్దేరింది. ఆయన కుర్చీ వెనక నిలబడి నవ్వుతూనే ఉన్నాడు. గీత సగానికి వచ్చింది. అప్పుడు ఏదో చిన్నది, పోగంత సన్నది, లోపల ఎక్కడో తగులుకుని లాగింది. అన్నీ తెల్లగా వస్తాయి. అన్నీ తారుమారైతే ఎర్రవి తెల్లబడతాయి. మరి ఇందాక తెల్లగా ఉన్నది? నవ్వు మొహం మీదే ఉంది, తీసెయ్యడం మర్చిపోయాడు. గీత ఆగకూడదని కోరుకున్నాడు. దేవుడా, దీన్ని ఇక్కడే ఆపెయ్, అనుకున్నాడు.

ఆగింది.

దారం మిల్లు తెల్లగా. గుండీలు తెల్లగా. జిప్పులు, ఇస్త్రీపెట్టెలు, లైనింగు, పాలలా తెల్లగా. మధ్యలో ఒకే ఒక్క ఎర్ర గుర్తు. సూదుల కంపెనీ.

"ఓ, ఇదొక్కటి మీరు మామూలుగా రాసినట్టున్నారు" అంది కోడలు తేలిగ్గా. "కొన్న రోజు ముందు, అమ్మిన రోజు తర్వాత. ఒక్కటేగా, నేను మార్చేస్తా."

"అది..." ఆయన తెర వైపు వంగాడు. "అది నువ్వు రాశావా అమ్మా?"

"నేనా? ఆ షీటు నేనెక్కడ ముట్టుకున్నాను మామయ్యా? మీరు ముట్టుకోనిస్తేగా! అంతా మీ చేతి పనే." టకటకా రెండు గళ్ళు మార్చింది. ఎర్ర గుర్తు పోయింది. "అయిపోయింది. చూశారా, ఇంతోటి దానికి ఎంత భయపడ్డారో!"

ఆయన తల ఊపాడు. తెర అంతా శుభ్రంగా ఉంది, ఉతికి ఆరేసిన దుప్పటిలా. అరవై ఏళ్ళుగా ఒక్క చీటీ కూడా ఆయన చెయ్యి అలా రాయలేదు. అలా రాసిన చెయ్యి ఎవరిది? ఏ మధ్యాహ్నం, ఏ బట్ట ముందు కూర్చుని, ఎవరు వచ్చి ఈ వేలితో ఆ గళ్ళు నింపి వెళ్ళిపోయారు? మళ్ళీ వెతికాడు. గోడ తగల్లేదు. చెయ్యి చాపినకొద్దీ ఖాళీ.

బల్ల దగ్గరికి నడిచాడు. కత్తెర తీసుకున్నాడు. బొటనవేలు కన్నంలో పెట్టి ఒకసారి తెరిచి, మూశాడు. ఆ చప్పుడు మంచి చప్పుడు. తర్వాత వేలు బయటికి తీసి, కత్తెర మొన తన వైపు తిప్పుకుని, పిడి కోడలికి అందించాడు.

"ఇదెందుకు మామయ్యా నాకు?"

"నీ దగ్గరుంచు. పొద్దున్నే ఇస్తూండు, సాయంత్రం తీసుకుంటూండు."

ఆమె నవ్వబోయింది, ఆయన మొహం చూసి ఆగింది. గుమ్మంలో భార్య చేతిలోని చొక్కా నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతున్నాయి.

"నేను కత్తెర అడిగినప్పుడు, ముందు బట్ట ఏదీ అని అడుగమ్మా. బట్ట చూపిస్తే ఇచ్చెయ్. చూపించలేకపోతే ఇవ్వనని చెప్పు, నేను అరిచినా సరే చెప్పు." ఆయన భార్య వైపు తిరిగాడు. "నువ్వు కూడా. సానకి ఇచ్చామని మాత్రం చెప్పకండి."